పెదవి లోపలికి

మా నాన్న రూఫస్ కుర్చీలో కూర్చున్న మనిషికి రెండు పనులు జరిగేవి. గడ్డం నున్నగా అయ్యేది, చెవులు నిండేవి. "సగంమంది ఆ రెండోదానికే వస్తారు" అని మా అమ్మ వెక్కిరించేది. నాన్న దుకాణం నూలుమిల్లు గేటుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, వంతు కోసం కూర్చునేవాళ్లకి గోడవారన ఒక బల్ల. మా క్లియర్ ఫోర్క్ ఊళ్లో ఎవరింట్లో బీన్సు మాడినా ముందు ఆ బల్లకే తెలిసేది. నా నోరు ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఎండాకాలం మాత్రం ఆ బల్ల మీద ఒకటే మాట. మా అన్న డెల్మర్.

డెల్మర్ మిల్లులో దారాలు అతికేవాడు. శనివారాలు మిల్లు కుర్రాళ్లతో బేస్‌బాల్ ఆడేవాడు. వాడు బంతి విసిరితే బ్యాటు పట్టుకున్నవాడికి గాలి తప్ప ఏమీ తగిలేది కాదు. చలి వెనకపట్టిన రోజుల్లో టౌను జట్టు మేనేజరు టాలీ మా ఇంటి మెట్ల మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వీణ్ణి జీతం మీద తీసుకుంటానన్నాడు. జీతానికి ఆడే జట్లలో అది అట్టడుగుదే. అయితేనేం, దాని మీద ఇంకో మెట్టు, దాని మీద ఇంకోటి. అలా ఎక్కుతూ పోతే పేపర్లో ఫోటోలు పడే పెద్ద ఊళ్లు. మిల్లు ఇళ్ల నుంచి ఆ మొదటి మెట్టు మీద కాలు పెట్టినవాడు అంతకుముందు లేడు.

"పోతే పో. నీ మిషను నీకోసం ఏడుస్తూ కూర్చోదు" అన్నాడు మిల్లు మేస్త్రీ. డెల్మర్ జుట్టులో దూది దులుపుకుని బయటికి వచ్చేశాడు.

మొదటి ఆట శనివారం. ఆ రోజు మిల్లు సెలవు కనక అమ్మ కూడా వచ్చింది. మిగతా రోజుల్లో అమ్మది సాయంత్రం షిఫ్టు, నాది పొద్దుటిది. మైదానం మిల్లు వెనకే. టౌనువాళ్లకి నీడ ఉన్న బల్లలు, మాకు ఎండ బల్లలు. డెల్మర్ బంతి విసిరే మట్టిదిబ్బ మీదికి ఎక్కాడో లేదో నీడలోంచి ఎవడో అరిచాడు.

"ఒరేయ్ దూదిబుర్రా! అది బంతిరా, దారపుండ కాదు! విప్పుకుంటూ కూర్చోకు!"

అందరూ నవ్వారు. నాన్న లేవబోతే అమ్మ ఆయన ప్యాంటు పట్టీ పట్టుకుని కూలేసింది.

"కూర్చోవయ్యా. జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు, వాడు."

వాడు చెప్పాడు. వాడి దగ్గర రెండు రకాల బంతులుండేవి. ఒకటి జోరు బంతి, రెప్ప వేసేలోగా తిన్నగా వచ్చి బ్యాటు వెనక కూర్చున్న క్యాచరు చేతిలో పడేది. ఇంకోటి వంకర బంతి. అదీ అలాగే వస్తున్నట్టు వచ్చి, కొట్టేవాడి ముందు ఎవరో లాగినట్టు కిందికి జారిపోయేది. ఏది వస్తుందో తెలియకపోతే ఎంతటివాడైనా బ్యాటు ఊపి నవ్వులపాలు కావాల్సిందే. ఆ సాయంత్రం అవతలి జట్టంతా నవ్వులపాలైంది. నీడ బల్లలు కూడా చప్పట్లు కొట్టాయి.

మధ్యలో అమ్మ నా మోచెయ్యి పొడిచింది. "చూశావటే? వంకర బంతి వేసే ముందు కింది పెదవి లోపలికి మడుస్తున్నాడు."

"ఎవరు?"

"ఎవరేమిటే, మీ అన్న. తెగిన దారం అతికేటప్పుడు నేను మడుస్తానే, అలా. చిన్నప్పటి నుంచి నా పక్కన పనిచేసి నా అలవాటే పట్టుకున్నాడు, పిచ్చి వెధవ."

నాన్న కళ్లు చిట్లించి చూశాడు. పెదవి మడిచాడు, బంతి వంగింది. మడవలేదు, బంతి తిన్నగా వెళ్లింది. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఆట అంతా "వంగుతుంది చూడు... ఇది జోరు బంతి... ఇప్పుడు చూడు, వంగుతుంది" అని మా ఇద్దరికీ మాత్రమే వినపడేలా గొణుగుతూనే ఉన్నాడు.

ఆ సంగతి వాడికి చెబుదామా అని ఇంటికి వెళ్లేటప్పుడు అడిగాను. అమ్మ వద్దంది. నడిచేవాడితో నీ కాళ్లు ఇలా పడుతున్నాయని చెబితే అడుగు తడబడుతుందట. అలా అది మా ముగ్గురి మధ్య ముద్దు ముచ్చటగా మిగిలిపోయింది. మే నెలంతా డెల్మర్ గెలుస్తూనే ఉన్నాడు. టాలీ వాణ్ణి చూడ్డానికి పై జట్టు నుంచి మనిషిని రప్పిస్తానన్నాడు. నాన్న దుకాణంలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో, రోజూ ఆ బల్ల మీదే ఉండే లెమ్ మామ చేతులు జోడించి, "రూఫస్, సగం గడ్డంతోనైనా ఇంటికి పోతాను, ఇంక వదులు" అనేవాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, షిఫ్టు దిగి నాన్నకి మొక్కజొన్న రొట్టె, బీన్సు తీసుకుని దుకాణానికి వెళ్లాను. కుర్చీలో ఎవరో కొత్త మనిషి. వెడల్పాటి భుజాలు, మొహం నిండా సబ్బు నురగ. పరాయి ఊరివాడు మా గుమ్మం తొక్కడమే అరుదు. నాన్నకి పండగ. ఊళ్లోవాళ్లు విని విని విసిగిపోయిన కబుర్లన్నీ కొత్త చెవుల్లో పోయొచ్చు.

"పెదవి లోపలికి" అన్నాడు నాన్న.

అది నాన్న ప్రతి మనిషితోనూ అనే మాటే. కింది పెదవి పళ్ల మీదికి మడిస్తే గడ్డం దగ్గర తోలు బిగుస్తుంది, కత్తి జారినా గాటు పడదు. ఆ మనిషి మడిచాడు. నాన్న కత్తి ఆపి పకపకా నవ్వాడు.

"అదిగో! అచ్చం మావాడే!"

"ఎవరూ?" అన్నాడు ఆ మనిషి మడిచిన పెదవితోనే.

"మా డెల్మరండీ. ఇక్కడి జట్టుకి బంతి వేస్తాడు. మీరు విననే లేదా? ఈ సాయంత్రం ఆట ఉంది, చూసి మరీ వెళ్లండి."

"బాగా వేస్తాడా?"

"బాగానా! వాడి వంకర బంతి ఎప్పుడొస్తుందో పైనున్న దేవుడికి కూడా తెలీదు. మా ఆవిడకీ నాకూ తప్ప."

ఆ మనిషి కళ్లు తెరిచాడు. "మీకెలా తెలుస్తుందండీ?"

"నాన్నా, రొట్టె చల్లారిపోతోంది" అన్నాను. నాకేమీ అనుమానం కలగలేదు, నిజంగానే రొట్టె చల్లారుతోంది.

"ఉండవే. ఎలాగంటారా? ఇప్పుడు మీరు మడిచారే, అలాగే మడుస్తాడు పెదవి. వంకర బంతికి మాత్రమే! జోరు బంతికి మడవడు. వాళ్లమ్మ దారం అతికేటప్పుడు అంతే. అచ్చం తల్లి పోలిక." అని అద్దం వైపు తిరిగి తన పెదవి మడిచి, చెయ్యి పైకెత్తి, కత్తితోనే బంతి వేసినట్టు చూపించాడు.

ఆ మనిషి నురగ కదిలేలా నవ్వాడు. "తల్లి పోలిక మంచిదే" అన్నాడు.

వేడి తువ్వాలుతో మొహం తుడిపించుకుని లేచాడు. ఇంత మంచి షేవింగు చేయించుకుని చాలా రోజులైందన్నాడు. నాన్న గుమ్మం దాకా వెళ్లి సాగనంపాడు.

"మంచి మనిషి. ఎదుటివాడు చెప్తుంటే వినే ఓపిక ఉంది. మీ లెమ్ మామలా కాదు" అని అప్పుడు తీరిగ్గా రొట్టె విరిచాడు.

ఆ సాయంత్రం ఆట కాల్డర్ జట్టుతో. నేనూ నాన్నా ఉడికించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకుని మామూలు చోట కూర్చున్నాం. కాల్డర్‌వాళ్ల మొదటివాడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. వాళ్ల మేనేజరు కూడా బయటికి వచ్చి మైదానం మూలన మూడో బేసు పక్కన, డెల్మర్ మొహం బాగా కనిపించే చోట నిలబడ్డాడు. వెడల్పాటి భుజాలు. నెత్తిన టోపీ. గడ్డం నున్నగా ఉంది.

నాన్న చేతిలో వేరుశనక్కాయ సగం ఒలిచి ఆగిపోయింది.

డెల్మర్ పెదవి మడిచాడు. ఆ మనిషి రెండు చేతులూ చరిచాడు, మామూలుగా తనవాణ్ణి ఉత్సాహపరిచినట్టే. బ్యాటు పట్టుకున్నవాడు తొందరపడకుండా, బంతి కిందికి జారేదాకా ఆగి, జారినచోటే కొట్టాడు. బంతి కంచె దాటి మిల్లు గోడకి తగిలింది. తర్వాతివాడూ అంతే. పెదవి మడిస్తే చప్పట్లు. మడవకపోతే మౌనం. కాసేపటికి వాళ్లు డెల్మర్ బంతుల్ని అమ్మ బుట్టలోంచి బంగాళాదుంపలు ఏరినట్టు ఏరుకుని కొట్టారు. టాలీ వచ్చి వాడి చేతిలోంచి బంతి తీసుకునేసరికి డెల్మర్ తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, తప్పు అక్కడెక్కడో అంటుకుని ఉన్నట్టు.

పుట్టి బుద్ధెరిగాక నాన్న పక్కన అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ కూర్చోలేదు.

ఇంటిదారిలో రైలు పట్టాలు దాటుతుంటే ఆగాడు. "నుదురు తెల్లగా ఉందే, ఓపల్."

"ఎవరిది?"

"వాడిదే. మొహం ఇటుక రంగు, మెడ వెనక మాడిపోయింది, కనుబొమ్మల పైన మాత్రం పిండి రాసినట్టు తెలుపు. రైతులు వెడల్పు టోపీ పెట్టుకుంటారు, మెడ మాడదు. మిల్లువాళ్లకి అసలు ఎండే తగలదు. ఎండాకాలమంతా ఆ బుల్లి టోపీ పెట్టుకుని మైదానంలో నిలబడేవాళ్లకే అలాంటి నుదురు. నేనే నా చేత్తో నురగ రాశాను. రోజూ తలకాయలు చూసే పని నాది. చూసి కూడా చూడలేదు. నా మాటల్లో నేనున్నాను."

"అన్నకి చెప్పేద్దాం నాన్నా. పెదవి మడవకుండా వేస్తాడు."

"చెప్తాను. నేనే చెప్తాను. నువ్వు నోరు కదపకు. తండ్రి నోటి నుంచి వినాల్సిన మాట అది." కాస్త ఆగి, "రేపు" అన్నాడు.

రేపు వచ్చింది, వెళ్లింది. డెల్మర్ పొరుగూరి ఆటకి బస్సెక్కబోతుంటే నాన్న మిల్లు మలుపు దాకా వాడితో నడిచాడు. దారిపొడుగునా కరోలినా ఎండ గురించి, పక్కింటివాళ్ల ఆవు గురించి మాట్లాడాడు. బస్సు వచ్చింది. "జాగ్రత్త" అన్నాడు. తిరిగొస్తూ నన్ను చూసి, "ఆటకి ముందు మనసు పాడుచెయ్యడం ఎందుకని..." అని నీళ్లు నమిలాడు. అయినా ఆ కాల్డర్‌వాళ్లొక్కళ్లకే కదా తెలిసింది అన్నాడు.

అలాంటి సంగతులు ఒక్క ఊళ్లో ఆగుతాయా? ఆటగాళ్లు ఇవాళ ఈ జట్టు, రేపు ఆ జట్టు. ఒకే బల్ల మీద తింటారు, ఒకే హోటల్లో పడుకుంటారు. జూలైలో పీచు పళ్లు మగ్గేసరికి డెల్మర్ బంతిని కొట్టనివాడు లేడు. వాడికి మాత్రం ఎందుకో తెలీదు. మధ్యాహ్నాలు పెరట్లో బొగ్గుకొట్టు గోడకి సుద్దముక్కతో గుండ్రం గీసుకుని, అందులోకి విసురుతూనే ఉండేవాడు. గోడ చెక్కలు పగిలేవి. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ నాన్న ఇంట్లో ఉంటే వాకిట్లోకి, వాకిట్లో ఉంటే వీధిలోకి వెళ్లిపోయేవాడు.

దుకాణంలో బల్ల మీది మాట కూడా తిరగబడింది.

"ఏమిటి రూఫస్, మీవాడు ఈమధ్య అందరికీ దానాలు చేస్తున్నాడు?" అనేవాడు లెమ్ మామ.

"గాలిలో తడి ఎక్కువగా ఉంది మామా. బంతి జారుతోంది" అనేవాడు నాన్న, అద్దం తుడుస్తూ.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ కోడి వేయించింది. డెల్మర్ ముక్క ముట్టలేదు.

"నాలో ఏదో పోయిందమ్మా. మేలో ఉన్నది జూన్‌లో పోయింది. ఏం పోయిందో తెలిస్తే వెతుక్కుంటాను. బంతి బాగానే వంగుతోంది. అయినా వాళ్లకి ముందే తెలిసిపోతోంది. నా బుర్రలోకి దూరి చూస్తున్నారా ఏమిటి?"

"తినరా ముందు. చెయ్యి సన్నబడిపోయింది" అంది అమ్మ. అంటూనే నాన్న వైపు చూసింది. నాన్న పళ్లెంలో గ్రేవీని, పారే ఏరుని చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు.

గిన్నెలు కడిగేటప్పుడు వంటింట్లో మేం ముగ్గురమే ఉన్నాం. అమ్మ గొంతు తగ్గించింది.

"ఏమయ్యా, వాడి పెదవి సంగతి ఎవరో కనిపెట్టినట్టున్నారు. నేను ఇప్పుడే చెప్పేస్తాను."

"నేను చెప్పేశానులే" అన్నాడు నాన్న.

"చెప్పావా? ఎప్పుడు?"

"మొన్న. బస్సు దాకా వెళ్లాను కదా. మళ్లీ మళ్లీ అనకు, వాడు సిగ్గుపడుతున్నాడు."

నా చేతిలో పళ్లెం ఉంది. నాన్న నా వైపు చూడలేదు. అమ్మ నమ్మింది. ఆయన ఎక్కువ మాట్లాడతాడని తెలుసు గానీ, అబద్ధం ఆడతాడని ఆవిడకి అంతవరకూ తెలీదు. పెదవి సంగతి తెలిసీ డెల్మర్ ఎందుకు మానలేకపోతున్నాడో అని ఆ రోజు నుంచి ఆవిడ కొడుకు గురించే బెంగపెట్టుకుంది.

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఎందుకలా అన్నావు నాన్నా?"

"పెదవి సంగతి చెబితే వాడు మొదట ఏమడుగుతాడు? వాళ్లకెలా తెలిసిందీ అనే కదా? దానికి ఏం చెప్పను?" ఆయన గొంతు అరిగిపోయినట్టుంది. "కుర్చీలో కూర్చోబెట్టి చెప్తాను. కుర్చీలో అయితే నాకు మాటలొస్తాయి."

నిజంగానే కూర్చోబెట్టాడు. జుట్టు పెరిగిందని డెల్మర్‌ని పిలిచి, తెల్లగుడ్డ మెడకి కట్టి, కత్తెర ఆడించాడు. నేను బల్ల మీద కూర్చున్నాను.

"ఒరేయ్ డెల్మర్."

"ఊఁ."

"మీ అమ్మ దారం అతికేటప్పుడు ఎప్పుడైనా చూశావా?"

"చూడకపోవడమేంటి నాన్నా, ఆవిడ పక్కనే కదా నిలబడ్డది ఇన్నాళ్లూ."

కత్తెర ఆడుతూనే ఉంది. "చాలా బాగా అతుకుతుంది" అన్నాడు నాన్న.

"అవును" అన్నాడు డెల్మర్, ఇంకేమైనా ఉందేమో అని ఎదురుచూస్తూ. తలుపు గంట మోగింది. లెమ్ మామ లోపలికి వచ్చాడు. అలా తలుపు తెరుచుకున్నందుకు మా నాన్న ఎంత సంతోషపడ్డాడో నేను కళ్లారా చూశాను. "రా మామా, రా!" అని అంత గట్టిగా ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు.

ఆగస్టులో కాల్డర్‌వాళ్లు మళ్లీ వచ్చారు. శుక్రవారం. అప్పటికి టాలీ డెల్మర్‌ని ఎలాగూ ఓడిపోయే ఆటల్లో, ఆఖర్లో మాత్రమే దించుతున్నాడు. నీడ బల్లల మీద కొత్త కుర్రాడొకడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్ల దగ్గర సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరని నేను అడగలేదు.

డెల్మర్ వచ్చాడు. పెదవి మడిచాడు, చప్పట్లు, దెబ్బ. మళ్లీ చప్పట్లు, మళ్లీ దెబ్బ. దూదిబుర్ర అని అరిచే ఓపిక కూడా ఎవరికీ లేదు. వాళ్ల మేనేజరుకి ఆట అప్పటికే గెలిచేశామన్న హుషారు ఎక్కినట్టుంది. నోటి పక్కన చెయ్యి పెట్టుకుని మైదానమంతా వినపడేలా కేకేశాడు.

"ఏమోయ్ అబ్బాయ్! మీ నాన్నకి నా దండాలు చెప్పు! గడ్డం భలే గీస్తాడు, కబుర్లు ఇంకా భలే చెప్తాడు!"

జనం నవ్వారు. ఇలాంటి కేకలు మామూలే కదా, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డెల్మర్ బంతి వేయబోతూ ఆగాడు. ఎండ బల్లల వైపు తిరిగాడు. నాన్న టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు. అంత దూరం నుంచి వాళ్లిద్దరూ ఎంతసేపు చూసుకున్నారో. తర్వాత డెల్మర్ చూపుడువేలితో తన కింది పెదవి ఒకసారి తడుముకున్నాడు. అంతే.

మళ్లీ దిబ్బ మీద నిలబడ్డాడు. పెదవి మడిచాడు. ఆ మనిషి చప్పట్లు కొట్టాడు. బ్యాటు పట్టుకున్నవాడు బంతి వంగేదాకా ఆగుదామని ఆగాడు. జోరు బంతి వాడి ముక్కు ముందు నుంచి తిన్నగా క్యాచరు చేతిలోకి పోయింది. మళ్లీ మడిచాడు, మళ్లీ జోరు బంతే. మడవలేదు, ఈసారి వంగింది. వాడు ఊపిన ఊపుకి కిందపడ్డాడు. తర్వాతివాడికీ అంతే. ఆ తర్వాతివాడికీ అంతే. మూడో బేసు దగ్గర చప్పట్లు ఆగిపోయాయి. ఎండ బల్లలు లేచి నిలబడి గొంతులు చించుకున్నాయి. నేనూ లేచాను, అరిచాను. పక్కకి చూస్తే నాన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మే నెలకంటే బాగా వేస్తున్నాడు డెల్మర్. ఆ పెదవి సంగతి తెలియడమే వాడికి కావాల్సిందంతా.

ఆట అయ్యాక గేటు దగ్గర మేం నిలబడ్డాం. టాలీ డెల్మర్ భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చాడు.

"ఈ బంతులు జూలైలో ఏమైపోయాయిరా నాయనా? అప్పుడు వేసుంటే ఇవాళ నీ వెనక నేను పరిగెత్తేవాణ్ణి. కొత్తవాడు బస్సు దిగేశాడు. ఒకడు వస్తే ఒకడు పోవాలి, జట్టులో చోటు అంతే." టాలీ మంచివాడే, మొహం చూడలేకపోతున్నాడు. "అయినా కొండల వైపు జట్లకి మనుషులు కావాలి. ఇవాళ నువ్వు వేసింది చెప్పి కబురంపుతాను. వెళ్తావా?"

"రేపు చెప్తానండి" అన్నాడు డెల్మర్.

ముగ్గురం పట్టాలు దాటి ఇంటికి నడిచాం. డెల్మర్ మాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు.

శనివారం పొద్దున్నే అమ్మ రొట్టెలు వడ్డిస్తోంది. డెల్మర్ మామూలుగానే అడిగాడు. "అమ్మా, నేను బంతి వేసేటప్పుడు పెదవి మడుస్తానని నీకు తెలుసా?"

"తెలియకేం? మీ నాన్న నీకు చెప్పి నెల దాటిందిగా" అంది అమ్మ.

డెల్మర్ రొట్టె మీద బెల్లప్పాకం పోసుకున్నాడు. పోసుకుంటూనే ఉన్నాడు, పళ్లెం నిండేదాకా. అమ్మ వాణ్ణి చూసింది. తర్వాత నాన్నని చూసింది. నాన్న కుర్చీ వెనక్కి తోసి, దుకాణం తియ్యాలని గొణిగి వెళ్లిపోయాడు. అమ్మ కడిగిన పళ్లాన్ని తీసుకెళ్లి మళ్లీ కడిగింది.

శనివారం కదా, పొద్దెక్కేసరికి దుకాణం బల్ల నిండిపోయింది. నాన్నని ఒంటరిగా వాళ్లకి వదలబుద్ధి కాక నేనూ వెళ్లాను. మాటలు నిన్నటి ఆట మీదే. ఆఖరి ముగ్గుర్నీ భలే ఆడించాడంటే భలే ఆడించాడన్నారు. అంతలో లెమ్ మామ గడ్డం గోక్కున్నాడు.

"అది సరే గానీ రూఫస్, ఆ కాల్డర్‌వాడు గడ్డం, కబుర్లు అని ఏదో కూశాడేమిటి? వాడికి నువ్వెప్పుడు గీశావు?"

నాన్న కత్తి తోలుపట్టీ మీద నూరుతున్నాడు. నూరుతూనే ఉన్నాడు. బల్ల మీద తలలన్నీ అటు తిరిగాయి.

తలుపు గంట మోగింది. డెల్మర్.

"నాకు వంతు ముందిస్తారా మామా? మిల్లు సెలవైనా మేస్త్రీ లోపలే ఉన్నాడట, మళ్లీ పని అడగాలి, మొహం శుభ్రంగా ఉండాలి" అన్నాడు.

"మేస్త్రీ దగ్గరికా? ఎందుకురా? నిన్న అలా వేసి!"

"నిన్నటిదే ఆఖరు మామా. భుజం పోయింది." కుర్చీలో కూర్చుంటూ కుడి భుజం పట్టుకున్నాడు. "జూన్ నుంచీ నొప్పే. అందుకే అందరూ కొట్టారు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఇంట్లో ఒట్టు వేయించుకున్నాను. నిన్న చివర్లో పళ్లు బిగించి వేశాను, అంతే, పూర్తిగా పోయింది." తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. "రోజూ కాపడం పెట్టింది నువ్వే కదా నాన్నా. చెప్పు వీళ్లకి."

అందరూ నాన్న వైపు చూశారు. ఆయన చేతుల కింద డెల్మర్ మొహం ఉంది. ఇటుక రంగు చెంపలు, మాడిన మెడ. కనుబొమ్మల పైన పిండి రాసినట్టు తెల్లటి నుదురు.

"అవును" అన్నాడు నాన్న. "భుజమే."

"అయ్యో పాపం" అంది బల్ల. లెమ్ మామ తన భుజం ఎప్పుడెలా పట్టేసిందో మొదలుపెట్టాడు. కాల్డర్‌వాడి కేక సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నానికే భుజం మాట టాలీ దాకా వెళ్లింది, అక్కణ్ణుంచి కొండల వైపుకీ వెళ్లింది. భుజం పోయినవాణ్ణి ఎవరు పిలుస్తారు?

నాన్న నురగ రాశాడు. కత్తి చెంప దిగింది, దవడ దాటింది, పెదవి కిందికి వచ్చి ఆగింది. అక్కడ ఎవరితోనైనా ఆయన అనే మాట ఒకటుంది. నోరు తెరిచాడు. రాలేదు. కత్తి మీంచి నురగ జారి తెల్లగుడ్డ మీద పడింది.

డెల్మర్ కళ్లు తెరవలేదు. తనంతట తనే కింది పెదవి లోపలికి మడిచాడు.

ఒక్క గాటు పడకుండా గీశాడు నాన్న. మా అన్న లేచి, అద్దంలో చూసుకుని, రోడ్డు దాటి మిల్లు గేటులోకి వెళ్లాడు. సోమవారం నుంచి రమ్మన్న మేస్త్రీ వాడికి పాత మిషను ఇవ్వలేదు, చీపురు ఇచ్చాడు.

తర్వాత కూడా నాన్న చాలా ఏళ్లు గడ్డాలు గీశాడు. కుర్చీలో కూర్చున్నవాళ్లే మాట్లాడేవాళ్లు, ఆయన వినేవాడు. కత్తి పెదవి కిందికి వచ్చాక మాత్రం ఆగి ఎదురుచూసేవాడు. ఊళ్లోవాళ్లకి అలవాటైపోయి వాళ్లే మడిచేవాళ్లు. కొత్తవాళ్లు ఏమైందన్నట్టు పైకి చూస్తే, తన కింది పెదవి మడిచి చూపించేవాడు. అద్దం వైపు తిరక్కుండా.